పోలిరాజు చెప్పిన చోటు

మధురవాడ, విశాఖపట్నం
ఏప్రిల్ నెలాఖరు

దేవీ,

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను క్లాసులో ఉంటాను. నేను చేసినప్పుడు నువ్వు బడిలో ఉంటావు. ఇద్దరికీ తీరిక కుదిరిన రోజున పోర్టు బ్లెయిర్‌లో వాన, సిగ్నల్ ఉండదు. అదీగాక ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు. అందుకే ఎమ్మే రోజుల్లో సెలవులకి రాజోలు వెళ్ళి నీకు రాసినట్టు మళ్ళీ కాగితం తీశాను. ఇక్కడైతే నా అనుమానాలన్నీ నువ్వు చివరిదాకా చదవాల్సిందే.

మీ పేట పని మొదలైంది. చెప్పాను కదా, మా కాలేజీ తరఫున ఒక వెబ్‌సైటు. మీ పేటవాళ్ళు గాలుల పేర్లు, వలల పేర్లు, పాటలు, పాత కబుర్లు ఎవరి ఫోన్లో వాళ్ళు రికార్డు చేసి అందులోకి ఎక్కించాలి. తర్వాత ఎవరైనా వినొచ్చు. వేట నిషేధం రోజులు కాబట్టి పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి, మాట్లాడ్డానికి మనుషులకి తీరిక ఉంది. సైటు కట్టినవాళ్ళ కాంట్రాక్టు మార్చితో అయిపోయింది. తాళాలు నాకిచ్చి వెళ్ళిపోయారు. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, ఇప్పుడు ఫైల్ మేనేజర్ నడుపుతున్నాను.

ఫైల్ మేనేజర్ అంటే బ్రౌజరులో తెరుచుకునే బీరువా అనుకో. అరలుంటాయి, అరల్లో ఫైళ్ళుంటాయి. దాని సెట్టింగుల్లో రెండు గడులున్నాయి. ఒకదాంట్లో ఏయే రకాల ఫైళ్ళని రానివ్వాలో రాయాలి. రెండోదాంట్లో ఒక్కో ఫైలు ఎంత సైజు దాటకూడదో రాయాలి. మొదటి గడి ఖాళీగా వదిలేస్తే అన్నీ వచ్చేస్తాయట. వదిలేద్దామనే అనుకున్నాను. కానీ అలా వదిలేసిన ఇంకెవరి సైటులోకో ఒక ప్రోగ్రాం ఫైలు దూరి, మొదటి పేజీ నిండా జూదం ప్రకటనలు పెట్టిందట. మా ప్రిన్సిపాల్ మోహనకృష్ణ గారు “అమ్మా, తలుపులు బార్లా తెరిచి నిద్రపోకండి” అన్నారు.

అందుకని బొమ్మలకి జేపీజీ, కాగితాలకి పీడీఎఫ్, పాటలకి ఎంపీత్రీ, అంతే రాశాను. సైజు రెండు ఎంబీలు. రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఏది లోపలికి రావాలో చెప్పడానికి నేనెవర్ని అనిపించింది. మళ్ళీ, ఎవరో ఒకరు చెప్పాలి కదా అని కూడా అనిపించింది. సేవ్ నొక్కి, మళ్ళీ తెరిచి చూసి, మళ్ళీ సేవ్ నొక్కాను. నవ్వుతున్నావని తెలుసు.

నీ
అనూరాధ


పోర్టు బ్లెయిర్
మే

అనూ,

నవ్వలేదే తల్లీ. మా మేనత్త వరహాలమ్మ ఫోన్ చేసి నీ మీద ఫిర్యాదు చెప్తుంటే ఇక నవ్వెక్కడిది.

“మీ పంతులమ్మకి మన మాటలు పనికిరావంట” అంది. “ఏటైంది అత్తా?” అంటే, “ఏటవుద్ది? పెడతంటే ఎర్రగా ఇంగిలీషులో ఏదో తిట్టి తోసేత్తంది. సింగారంగా పాట పాడి పెట్టేను. సన్నీగాడు పెట్టినా తోసేత్తంది. కాలేజీ అంటే మరి అంతేనేమో, మన నోరు కంపు” అంది. అత్త తెలుసు కదా నీకు, మా నాన్న చెల్లెలు, సన్నీ వాళ్ళమ్మ, వన్ టౌన్‌లో ఎండు చేపలు అమ్ముతుంది. దాని నోటికి మార్కెట్టంతా భయం. వాళ్ళాయన ఎర్రన్న మావ పోయాక కొంచెం తగ్గిందనుకున్నాను, తగ్గలేదు.

అనూ, మా పేటలో ఎంపీత్రీ ఎవరి దగ్గరుంటుంది? అక్కడ మాట అంటే వాయిస్ మెసేజి. బజారు నుంచి ఉప్పు తెమ్మన్నా వాయిస్సే, తిట్టుకున్నా వాయిస్సే. ఆ ఫైళ్ళ పేరు చివరి తోక వేరు, ఓపస్ అని ఉంటుంది. ఫోన్లో రికార్డు చేస్తే ఇంకో తోక వస్తుంది, అది రెండు ఎంబీల్లో ఎక్కడ సరిపోతుంది? మా వాళ్ళు పాట మొదలుపెట్టే ముందు దగ్గడానికే ఒక ఎంబీ అవుతుంది. నువ్వు ఎవర్ని ఆపాలనుకున్నావో వాళ్ళు రాలేదు, ఎవరు రావాలనుకున్నావో వాళ్ళు గుమ్మంలో నిలబడి తిట్టుకుంటున్నారు.

సరిచెయ్యి. అత్తని ఒకసారి పిలిచి టీ ఇవ్వు. చక్కెర బాగా వెయ్యి.

దేవి


మధురవాడ
మే రెండో వారం

దేవీ,

సరిచేశాను. సరిచెయ్యడం అంత సులువుగా జరగలేదు, విను.

రకాల గడిలో వాయిస్ మెసేజీల తోక, రికార్డింగుల తోక చేర్చాను. సైజు ఇరవై ఎంబీలని రాశాను. అయినా రెండు దాటితే మళ్ళీ ఎర్ర అక్షరాలే. నేనే ఏదో తప్పు చేశానని గడులన్నీ తిరగేశాను, మా ఆయన్ని విసిగించాను. చివరికి తేలిందేమిటంటే పరిమితి రెండు చోట్ల ఉంటుందట. నాకు కనబడేది ఫైల్ మేనేజర్ది. దాని కింద సర్వరుకి సొంతంగా ఇంకొకటుంది. కింద రెండని ఉంటే పైన నేను ఇరవై అని ఎంత రాసుకున్నా చెల్లదు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారి వంటిల్లు గుర్తొచ్చింది. సర్వరువాళ్ళకి రాసి అది కూడా మార్పించాను. ప్రోగ్రాం ఫైళ్ళు మాత్రం ఇప్పటికీ రాకుండానే ఉంచాను.

ఇంకో మార్పు కూడా చేశాను. ఇదివరకు వచ్చిన ఫైలు ఒక అరలో ఆగేది, నేను విని బయట పెట్టేదాన్ని. “పెట్టింది అగుపడట్లేదు” అని ఫోన్లు. అందుకని ఎక్కించిన వెంటనే అందరికీ కనబడేలా చేసేశాను. దేవీ, ఎంత సందడి! ఒకాయన తన పడవకి రంగు వేస్తూ తీసిన గొంతు, వెనకాల బ్రష్ చప్పుడు. ఎవరో పెద్దావిడ పాట మధ్యలో ఆపి మనవడిని తిట్టి మళ్ళీ అక్కణ్ణుంచే అందుకుంది. రోజూ కాలేజీ నుంచి రాగానే వింటున్నాను.

మీ అత్త వచ్చింది. టీ తాగి, “మా బజారు సిట్టి గళాసులో టీలాగుంది, పర్లేదు” అని మెచ్చుకుంది. తర్వాత రొంటి నుంచి పాత ఫోను తీసింది. అది మీ ఎర్రన్న మావదట. “ఇందులో మా అన్న మాటున్నాది. మా అన్న మంచమ్మీద ఉన్నప్పుడు మా ఆయనకి సెప్పిన మాట. ఎవులికీ సెప్పని మాట. మా ఆయన సేతికి అదురుట్టం నేదని పేటంతా అంటారు. అదురుట్టం నేకపోతే మా అన్న ఆయన్ని అంత నమ్మేడా? ఇనమను అందర్నీ” అంది. పక్కనే కూచుని ఎక్కించాను, మొదట కాస్త విన్నాను. గాలి హోరు, మీ నాన్నగారి గొంతు, ఏవో కొండల పేర్లు. ఎవరికో దారి చెప్తున్నట్టుంది. ఆయన పోయాక ఆ గొంతు నీ దగ్గర లేదని ఒకసారి ఏడ్చావు కదా. ఫైలుకి “పోలిరాజు గారి మాట” అని పేరు పెట్టాను. నీకు సంతోషంగా ఉంటుంది కదూ?

అనూ


మధురవాడ
మే, మూడు రోజుల తర్వాత

దేవీ,

నీ జవాబు రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. నేనేదో చెయ్యకూడని పని చేసినట్టున్నాను.

నిన్న మధ్యాహ్నం కాలేజీకి మీ తమ్ముడు సింహాద్రి వచ్చాడు. మధురవాడదాకా బండి మీద ఎండలో వచ్చాడు, మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు. “మేడం గారూ, మా అయ్య గొంతు కంపూటర్లో పెట్టేరంట” అన్నాడు. అవునన్నాను, సంతోషంగానే అన్నాను.

“టీ కొట్టు కాడ ఆడెవడో అంటన్నాడండి, మీ అయ్య బండ సోటు సెప్తన్నాడంటగదేరా అని. నవ్వుతా అంటన్నాడు. మీరు సదువుకున్నోళ్ళు, మీకు తెలీదు. అది మా కూడండి. తీసీండి.”

బండ అంటే ఏమిటని అడిగాను. సముద్రం అడుగున రాళ్ళుంటాయట, రాళ్ళ దగ్గర చేపలు చేరతాయట. పైనుంచి నీళ్ళు తప్ప ఏమీ కనబడవు కాబట్టి ఒడ్డునున్న కొండల్ని గురుతు పెట్టుకుని చోటు పట్టుకుంటారట. మీ నాన్నగారు కనిపెట్టిన చోటు మీ ఇంటికి తప్ప ఎవరికీ తెలియదట. నేను ఆయన గొంతు అనుకున్నాను. అతను నా ముందు కూర్చుని, వేట తెరిచిన రోజున వేరేవాళ్ళ పడవలు తన చోటులో ఉంటే ఏం చెయ్యాలని అడుగుతున్నాడు.

వెంటనే దాన్ని ఎవరికీ కనబడని అరలోకి జరిపాను. డిలీట్ చెయ్యమన్నాడు. మీ అక్కని అడగనిదే చెయ్యనన్నాను. ఒకసారి వింటావా అంటే తల అడ్డంగా ఊపి లేచిపోయాడు. అప్పటికే ఎందరు విన్నారో, ఎందరు దించుకున్నారో. కొత్త ఫైళ్ళన్నీ మళ్ళీ నేను విన్నాకే బయటికెళ్ళేలా మార్చాను, ఇప్పుడెందుకది.

ఏం చెయ్యను?

అనూ


పోర్టు బ్లెయిర్
జూన్ మొదలు

అనూ,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మొదటిది చదివి ఎగిరి గంతేశాను, రెండోది చదివి కూర్చున్నాను.

తప్పు నీది కాదు, నీకు చెప్పనిది నేను. మా పేటలో పడవ ఒడ్డుకి రాగానే ఎవరో ఒకరు అడుగుతారు, “ఎక్కడేసేవు బావా?” అని. “అక్కడే” అని చెయ్యి ఊపి సముద్రమంతా చూపిస్తారు. అడగడం మర్యాద, చెప్పకపోవడమూ మర్యాదే. సొంత చోటు తండ్రి కొడుక్కి చెప్తాడు, అది కూడా పడవ మీద, ఆ నీళ్ళ మీద, కళ్ళతో కొండలు చూపిస్తూ. ఒడ్డున చెప్పడు. సింహాద్రి జీపీఎస్ కొన్నాడు గానీ ఆ చోటు దాంట్లో నొక్కి పెట్టుకోలేదు, అది ఎవరి చేతిలో పడుతుందోనని. ఇంకొకడి చోటుకి వెళ్ళి వలేస్తే దొంగతనం కింద లెక్క. వెళ్ళినవాడు చచ్చినా ఒప్పుకోడు.

నాకు ఆ చోటు తెలీదు. చిన్నప్పుడు అడిగితే, “నీకెందుకే, నువ్వు పుత్తకాల్లో ఎతుక్కో” అన్నాడు నాన్న. పుస్తకాల్లో వెతుక్కుంటూ అండమాన్ దాకా వచ్చాను.

సింహాద్రి కూడు పోతుందంటే తీసెయ్యమనాలి నేను. అనలేకపోతున్నాను. నాన్న గొంతు నా దగ్గర లేదు. నాకు పంపిన వాయిస్‌లన్నీ నా పాత ఫోనుతో పోయాయి. మిగిలింది ఆ ఒక్కటే, అదేమో మా తమ్ముడి అన్నం కుండ. నువ్వు నాకు ఆ ఫైలు పంపకు, వద్దు. వాడు ఒప్పుకుంటేనే పంపు. ముందు వాణ్ణి విననివ్వు. వినకుండానే పోగొట్టుకోవడం వాడి తరం కాదని నాకు తెలుసు, వాడు రాత్రి నిద్రపోడు. నా మాటగా చెప్పు, “అప్ప ఇనమంది” అని.

అత్తని ఏమీ అనొద్దని కూడా చెప్పు. అత్తకి ఆ చోటు ఏనాడూ కలిసిరాలేదు, అందుకే దాని విలువ తెలీదు. ఎర్రన్న మావ ఆఖరి రోజుల్లో అదే అనేవాడు, “పోలిరాజు బావ బంగారం సోటు సెప్పేడు, నా సేతికే అదురుట్టం నేదు” అని.

దేవి


మధురవాడ
జూన్ పది దాటాక

దేవీ,

చెప్పాల్సింది ఎలా చెప్పాలో తెలియక రెండు కాగితాలు చింపాను. సూటిగానే రాస్తాను.

“అప్ప ఇనమంది” అంటే సింహాద్రి వచ్చాడు. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. నేను బయటికి వెళ్ళబోతే ఉండమన్నాడు. ఫైలు తెరిచాను. ముందు గాలి. తర్వాత మీ నాన్నగారు గొంతు సవరించుకున్నారు.

“బావా, ఇనుకో. యారాడ కొండ లైటుహౌసు కొస మీదికి రావాల. ఇటు తిరిగి సూత్తే కైలాసగిరి ఎనకాల సిమ్మాచలం కొండ బొటనేలంత అగుపడాల. రెండూ కలిసిన కాడ లంగరెయ్యి. బంగారం సోటు. ఎవులికీ సెప్పకు. మా సెల్లికి కూడా సెప్పకు, దాని నోట్లో నువ్వుగింజ నానదు.”

సింహాద్రి నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వాడు. మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి విన్నాక నవ్వు ఆగిపోయింది. 

“ఇది అది కాదండి” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“ఇది మా సోటు కాదండి. ఇక్కడ ఏటీ నేదు. ఉత్త బురద. మా అయ్య నన్ను తీసికెళ్ళి సూపించిన కాడ కొండలిలాగుండవు.” మళ్ళీ తనే, “మా అయ్య మావకి అబద్దం సెప్పేడండి” అన్నాడు.

నిజం చోటు ఏదో అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఎందుకలా చెప్పి ఉంటారని మాత్రం అడిగాను. “నా కోసమేనండి. అప్పుడికి నాకు సొంత పడవ నేదు. అయ్య లేవలేడు. మావకి నిజం సెప్తే ఆ ఏడే సోటు కాళీ అయిపోద్ది. లేదందామంటే సెల్లెలి మొగుడు, మంచమ్మీదున్నప్పుడొచ్చి అడిగేడు, ఎలాగంటాడు” అన్నాడు. తన కూడు పోలేదని తెలిశాక వచ్చినప్పటికంటే దిగులుగా వెళ్ళాడు. “నీ చోటు భద్రమే కదా” అన్నాను, ఏదో ఒకటి అనాలని. “భద్రమేనండి. మావ మూడు సీజన్లు ఆ బురదలోనే వలేసేడు, ఎందుకో అనుకునేవోణ్ణి” అన్నాడు మెట్లు దిగుతూ.

నీకు వినిపించడానికి ఒప్పుకున్నాడు. ఈ ఉత్తరం అందాక నీ మెయిల్ చూడు. ఇప్పుడే పంపొచ్చు, కానీ ఉత్తరం అందేదాకా ఆగి పంపుతాను. ఒక్కసారిగా ఆ గొంతు నీ చెవిలో పడుతుంటే ఇదంతా నీకు తెలియకుండా వినడం న్యాయమా అనిపించింది. తెలిశాక వినడం న్యాయమా అని కూడా అనిపించింది.

అనూ


పోర్టు బ్లెయిర్
జూన్ ఆఖరు

అనూ,

విన్నాను. బడి అయ్యాక, ఖాళీ తరగతి గదిలో.

గొంతు అదే. “ఇనుకో” అనే మాటలో ఆ సాగదీత అదే. సంతోషపడదామని కూర్చున్నాను, పడలేకపోయాను. మొదట గొంతు సవరించుకున్నాడు చూశావా? కల్లు తాగలేదని మా అమ్మకి చెప్పే ముందు కూడా అలాగే సవరించుకునేవాడు. మా అమ్మ లోపలి నుంచి “తాగేవులే, రా” అనేది. ఎర్రన్న మావ పక్కన మా అమ్మ లేకపోయింది.

కోపమొచ్చింది అనూ. మావ మంచివాడు. నన్ను ఎమ్మేలో చేర్చినప్పుడు పేటంతా ఆడపిల్లకి ఎందుకంటే, “సదూకోనీ బావా, సేపలు ఎక్కడికీ పోవు” అని మా నాన్న దగ్గర అన్నది ఆయనే. ఆయన తన చేతిని తిట్టుకుంటూ పోయాడు. ఆ చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు. మళ్ళీ, నాన్న ఆ అబద్ధం ఆడకపోతే సింహాద్రి ఈ పాటికి పోర్టులో మూటలు మోసేవాడు, నా జీతంలో సగం అక్కడికే వెళ్ళేది. నాన్న మీద కోపం పెట్టుకుని ఆయన చేసిన మేలు తింటున్నాను. నీ దగ్గర నేర్చుకున్న జబ్బు ఇది, అటూ ఇటూ ఊగడం.

దాన్ని తీసెయ్యి. అత్త అడిగితే ఏదో పరిమితి దాటిందని చెప్పు. నీ గడులు ఇన్నాళ్ళు నిజంగా అడ్డం పడ్డాయి, ఒక్కసారి అబద్ధానికి పడనీ. లేదా నేనే ఫోన్ చేసి అత్తకి నిజం చెప్పనా? మావ చెయ్యి మంచిదేనని తెలుస్తుంది. కానీ తోడబుట్టిన అన్న మోసం చేశాడని కూడా తెలుస్తుంది. ఏది ఇచ్చి ఏది తీసుకోవాలి? చెప్పు. ఈసారి నువ్వే చెప్పు, సేవ్ నొక్కి మళ్ళీ తెరవకుండా.

దేవి


మధురవాడ
జూలై నడుమ

దేవీ,

నేను చెప్పలేకపోయాను. తీసెయ్యబోతే వరహాలమ్మ గారి ముఖం కళ్ళముందుకొచ్చింది. మొదటిసారి ఎర్ర అక్షరాలు ఆవిణ్ణి తోసేశాయి, రెండోసారి నేను తోసేస్తున్నాను. అలాగని ఉంచితే ఎవరో ఒకరు ఆ చోటుకి వెళ్ళి, ఏమీ లేక తిరిగొచ్చి, పోలిరాజు తన బావని బురదలోకి పంపాడని పేటంతా చెప్తారు. ఈలోగా వేట తెరిచారు. అరలో ఆ ఫైలు అలాగే ఉంది.

నేను తేల్చలేనిది మీ తమ్ముడు తేల్చాడు. నాతో చెప్పి చెయ్యలేదు, చేశాక సన్నీ చెప్పాడు. వరహాలమ్మ గారు ఎక్కించిన ఫైలు కదా, ఏం చెయ్యాలో ఆవిడ కొడుకునైనా అడగాలనిపించి రమ్మన్నాను. తీరా వచ్చాక ఎంతవరకు చెప్పాలో తెలియక తడబడుతుంటే అతనే అందుకున్నాడు.

“నాకు తెలిసిపోనాది మేడం. సిమ్మాద్రి బావ మొన్న నన్ను పడవెక్కించుకున్నాడు. ఫోను ఒడ్డున పెట్టీమన్నాడు. నా దాంట్లో సిగ్నలే నేదు బావా అంటే, పెట్టీరా గుంటడా అన్నాడు. సీకటి విడిపోతంటే ఒక కాడ మోటారు ఆపేడు. కొండలు సూడు అన్నాడు. సూసేను. మాయమ్మ ఆ ఫోనులో మాట రోజూ ఇనిపించేదండి, నాకు నోటికొచ్చు. కొండలు అలాగ లేవు. ఏటి బావా, తప్పు కాడికొచ్చేవు అన్నాను. వలెయ్యి అన్నాడు. ఏసేను. లాగితే వల నిండా సేపలు, అర్దమైపోనాది.”

“బాధ కలిగిందా?” అన్నాను. ఎంత పంతులమ్మ ప్రశ్నో చూడు.

“కలగదేటండి. మాయయ్య మూడు సీజన్లు ఆ బురదలోనే వలేసి సచ్చేడు. ఒడ్డుకొచ్చేక బావ సగం సేపలు నా తట్టలో పోసి, ఇక మీద ఆ సోటు ఇద్దరిదీ అన్నాడు. మీయయ్య సోటని నా కొడుక్కి నాను సెప్పుకుంటాను, నీ కొడుక్కి నువ్వు సెప్పుకో అన్నాడు. మరింకేటంటాం?”

అమ్మకి చెప్తావా అని అడిగాను. ఉలిక్కిపడ్డాడు. “మాయమ్మకా? సిమ్మాద్రి బావ ఇల్లు పీకి పందిరేసీద్దండీ” అన్నాడు. నవ్వాడు గానీ, తర్వాత నెమ్మదిగా, “ఆవిడికి ఆ మాటొక్కటే మిగిలినాదండి. మీరది దాసీసిన కాణ్ణుంచి రోజూ అడుగుతాది, మా అన్న మాట కంపూటర్లో అగుపడదేటిరా అని” అన్నాడు.

నా భయం చెప్పాను. ఎవరైనా అది విని వెళ్తే? ఏమీ లేదని తెలిస్తే?

“ఎల్లనీండి” అన్నాడు సన్నీ. “ఎల్లినోడు ఒప్పుకుంటాడేటండి? ఊరోడి సోటుకి దొంగగా ఎల్లేను, ఏటీ పడ్లేదు అని ఎవుడు సెప్పుకుంటాడు? నోరు మూసుకుని వచ్చీడవే. అయినా మేడం, అది అక్కడుంటేనే మాకు మేలు. అందరూ అటెల్తే ఇటెవుడూ రాడు.”

దేవీ, నేను ఈ సైటుని ఎందుకు పెట్టానో గుర్తుంది కదా. మాటలు పోకుండా, ఉన్నవి ఉన్నట్టు మిగలాలని. ఇప్పుడు తెలిసి తెలిసి ఒక అబద్ధాన్ని అందులో పెట్టబోతున్నాను. రేపు ఏ రిసెర్చి విద్యార్థో దాన్ని విని, విశాఖ మత్స్యకారులు కొండల గురుతులతో ఇలా చోటు పట్టేవారని కాగితం రాస్తే? ఫైలు పక్కన ఏదైనా గమనిక రాయాలా? గమనిక రాస్తే మీ నాన్నగారి పరువు, మీ అత్త ప్రాణం పోతాయి. రాయకపోతే నా చదువు పోతుంది. ఈ పూటకి నా చదువే పోనీ అనుకున్నాను. నిన్న సాయంత్రం దాన్ని మళ్ళీ అందరికీ కనబడే అరలోకి జరిపాను. నువ్వన్నట్టే, ఆ తర్వాత మళ్ళీ తెరిచి చూడలేదు. ఒక్కసారే చూశాను.

నీకు సమ్మతమేనా?

అనూ


పోర్టు బ్లెయిర్
ఆగస్టు

అనూ,

సింహాద్రి నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నీ ఉత్తరం చదివి ఫోన్ చేసి, “ఏరా, సన్నీని పడవెక్కించేవంట” అంటే, “ఎవులు సెప్పేరు?” అని ఎదురడిగాడు. “అక్కడే” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

సమ్మతమే. నాన్న మీద కోపం పూర్తిగా పోలేదు, పోవాలని కూడా లేదు. వింటున్నాను మాత్రం. గొంతు సవరించుకునే దగ్గర ఇప్పుడు నవ్వొస్తోంది. నీ చదువు ఎక్కడికీ పోదులే, నీ దగ్గర కావలసినంత ఉంది.

అత్త ఎలా ఉంది? ఫోన్ చేస్తే నిలిచి మాట్లాడట్లేదు, చాలా పనిలో ఉన్నానంటోంది. ఎండు చేపలమ్మేదానికి ఆగస్టులో అంత పనేమిటో.

దేవి


మధురవాడ
సెప్టెంబరు

దేవీ,

మీ అత్త పనేమిటో చెప్తాను. నిన్న శనివారం వన్ టౌన్ వెళ్ళినప్పుడు ఆవిణ్ణి చూశాను. బుట్టల ముందు ఫోను పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ మీ నాన్నగారి మాట వినిపిస్తోంది. ఒకావిడ బేరమాడుతుంటే, “ఆగు, ముందిది ఇను” అని చెయ్యి పట్టుకుని ఆపింది. “దాని నోట్లో నువ్వుగింజ నానదు” అన్న దగ్గర ఆవిడే ముందుగా నవ్వుతుంది.

ఫైల్ మేనేజర్లో ఏ ఫైలు ఎందరు దించుకున్నారో ఒక పక్కన కనబడుతుంది. పాటలు, గాలుల పేర్లు, నేను ఎంతో ముచ్చటపడ్డ బ్రష్ చప్పుడు పడవ, అన్నీ వెనకబడ్డాయి. అన్నిటికంటే ఎక్కువమంది దించుకున్నది అదే. సింహాద్రిని అడిగితే, తెల్లవారి ఆ వైపు చూస్తే ఎప్పుడూ ఒకటో రెండో పడవలు గింగిరాలు కొడుతూ ఉంటాయన్నాడు. అందులో ఒకడు ఒడ్డున కలిస్తే “ఏటి బావా, అటేసేవు?” అని తనే పలకరించాడట. “ఊరికే, గాలికెల్లేను” అన్నాడట వాడు. సన్నీ పడవలోంచి దిగుతూ నవ్వాపుకోలేక వల మీద పడ్డాడట.

నేను పక్కన కూర్చున్నాక మీ అత్త ఫోను ఆపి, కొంగుతో తుడిచి, రొంటిన పెట్టుకుంది. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

“పంతులమ్మా, సూసేవా” అంది. “మా ఆయన సేతికి అదురుట్టం నేదన్నారు. ఇప్పుడు సూడు, మా ఆయన సోటుకి ఎన్ని పడవలెల్తన్నాయో.”

అనూ